ప్రాడో వెనక క్యాంపర్ ట్రెయిలర్‌తో మెల్‌బోర్న్ నుంచి ఉలురు: బరువు, టైర్లు, ఊడ్నడట్టా ట్రాక్ గురించి సలహా కావాలి

టార్నీట్_నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈసారి చలికాలం స్కూల్ సెలవులకి మెల్‌బోర్న్ నుంచి ఉలురు, కింగ్స్ కాన్యన్ వెళ్లి రావాలని అనుకుంటున్నాం. మేమిద్దరం, 11, 7 ఏళ్ల పిల్లలు. చేతిలో 16 రోజులున్నాయి. బండి 2021 ప్రాడో జీఎక్స్‌ఎల్ డీజిల్, సబ్ ట్యాంక్ (రెండో డీజిల్ ట్యాంకు) ఉన్నదే. క్యాంపర్ సెకండ్ హ్యాండ్ ఫార్వర్డ్ ఫోల్డ్ (పరుపు భాగం ముందుకి తెరుచుకునే రకం): ఒకటే యాక్సిల్, ఎలక్ట్రిక్ బ్రేకులు, ప్లేటు మీద టేర్ (ఖాళీ బరువు) 1,480 కేజీలు, ఏటీఎం (సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 2,000. అందులో 90 లీటర్ల నీళ్ల ట్యాంకు, 100 యాంప్ అవర్ ఏజీఎం (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ ఉన్నాయి. డ్రాబార్ (కారుకి తగిలించే ముందు కడ్డీ) మీద రెండు గ్యాస్ సిలిండర్లు, రెండు జెర్రీ క్యాన్ హోల్డర్లు.

అడగాల్సినవి ఇవీ. ప్రాడో 3,000 కేజీలు లాగుతుంది కాబట్టి బరువు గురించి ఆలోచించక్కర్లేదు కదా? డీజిల్ క్యాన్లు ఎన్ని తీసుకెళ్లాలి? వెళ్లేటప్పుడు స్టువర్ట్ హైవే మీద వెళ్లి, వచ్చేటప్పుడు మార్లా నుంచి మారీ దాకా ఊడ్నడట్టా ట్రాక్ (మట్టి రోడ్డు) మొత్తం చేద్దామని ఉంది, కుదురుతుందా? ఇంకోటి, ఇంట్లో వాళ్ల ప్రశ్న: ఇన్వర్టర్ పెట్టుకుంటే మిక్సీ, రైస్ కుక్కర్ నడుస్తాయా?

ఇరుసు

బరువు గురించే ముందు ఆలోచించాలి బ్రదర్. మిగతావన్నీ దాని తర్వాతే.

3,000 అనేది బండి లాగగలిగే లెక్క. మీకు అడ్డం పడేది అది కాదు, ప్రాడో జీవీఎం, అంటే మనుషులూ సామానుతో కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు. ఈ మోడల్‌కి అది 2,990 కేజీలు. ఖాళీ బండి నిండు ట్యాంకుతో దాదాపు 2,350 ఉంటుంది కాబట్టి మీ చేతిలో మిగిలేది 640కి అటూ ఇటూ. ఆ 640లోనే మనుషులు, ఫ్రిజ్, టోబార్, రూఫ్ ర్యాక్, దాని మీద సామాను, అన్నీ పట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇంకోటి ఉంది: ట్రెయిలర్ మూతి టోబాల్ (కారు వెనక ట్రెయిలర్ తగిలించే గుండు) మీద మోపే బరువు కూడా ఈ జీవీఎంలోకే వస్తుంది. ఫార్వర్డ్ ఫోల్డ్ క్యాంపర్లకి సహజంగానే మూతి బరువెక్కువ. మడత పడ్డ పరుపు ముందుకి వస్తుంది, గ్యాస్, జెర్రీ క్యాన్లు, టూల్ బాక్సు అంతా డ్రాబార్ మీదే. టోబాల్ మీద 200 దాటడం చాలా తేలిక.

క్యాంపర్‌ది కూడా చూడండి. 2,000లోంచి 1,480 తీస్తే 520. నీళ్లు 90, రెండు నిండు గ్యాస్ సిలిండర్లు 18 దాకా, నిండు డీజిల్ క్యాన్ ఒక్కోటి 21. ఆ పైన యానెక్స్ టెంటు, మేకులు, కుర్చీలు, బొంతలు, గిన్నెలు, తిండి. ప్లేటు మీద రాసిన టేర్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటిది. తర్వాత పాత ఓనరు బిగించిన సోలార్ ప్యానెళ్లు, ఆనింగ్, రెండో స్పేర్ టైరు అందులో ఉండవు.

అందుకని బయల్దేరే వారం ముందే సామాను మొత్తం ఎక్కించి, నీళ్లు నింపి, నలుగురూ కూర్చుని పబ్లిక్ వే బ్రిడ్జికి వెళ్లండి. మూడు కాటాలు వేయించాలి. మొదటిది, ట్రెయిలర్ తగిలించే ఉంచి ప్రాడో నాలుగు చక్రాలు మాత్రం ప్లేటు మీద. రెండోది, తగిలించే ఉంచి ట్రెయిలర్ చక్రాలు మాత్రం. మూడోది, ట్రెయిలర్‌ని విప్పి, జాకీ వీల్ మీద నిలబెట్టి దాన్నొక్కదాన్నే. మూడో అంకెలోంచి రెండోది తీసేస్తే టోబాల్ బరువు వచ్చేస్తుంది. ట్రెయిలర్ మొత్తం బరువులో అది 10 శాతం దగ్గర ఉండాలి. మరీ తక్కువైతే 90 స్పీడులో తోక ఊపుతుంది, ఎక్కువైతే ప్రాడో వెనక కూర్చుండిపోయి ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది.

ఇక బేరింగులు. సెకండ్ హ్యాండ్ ట్రెయిలర్ కొన్నాక పాత ఓనరు చెప్పింది నమ్మకుండా ఒకసారి విప్పి గ్రీజు మార్చాల్సిందే. చక్రం జాకీ మీద లేపాక డస్ట్ క్యాప్ తట్టి తీయండి, స్ప్లిట్ పిన్ లాగి, గాళ్ల నట్టు విప్పితే బయటి బేరింగు చేతిలోకొస్తుంది. పాత గ్రీజంతా తుడిచి రోలర్లు, కప్పు చూడండి. నీలం తిరిగినా, చిన్న చిన్న గుంటలున్నా రెండూ కలిపే మార్చాలి, రోలర్లు మాత్రం మారిస్తే పాత కప్పు కొత్తవాటిని తినేస్తుంది. అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు వెడల్పు అంచుతో నొక్కుతూ పోతే అది రోలర్ల మధ్యలోంచి అవతలి వైపు పొంగాలి. వెనక సీలు కొత్తది వేయండి. నట్టు బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ బిగించి, కాస్త పట్టేశాక వెనక్కి వదులు చేసి దగ్గర్లో ఉన్న గాడికి కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందా లేదా అన్నట్టు ఉంటే సరి. బ్రేక్ డ్రమ్ములోకి గ్రీజు పోకూడదు, పోతే బ్రేక్ షూలు పనికిరావు.

దారిలో ఆగిన ప్రతిసారీ హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. ఒక వైపు మామూలుగా ఉండి రెండో వైపు చెయ్యి ఆనలేకపోతే అక్కడే ఆగిపోవాలి, ఊరు 30 కిలోమీటర్లే కదా అని లాక్కెళ్తే స్టబ్ యాక్సిల్‌కే అంటుకుపోతుంది. విడి బేరింగ్ కిట్టు, సీలు, స్ప్లిట్ పిన్నులు, చిన్న గ్రీజు డబ్బా వెంట ఉండాలి. కిట్టు అందాజాగా కొనకండి. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని చూపించి కొనండి.

అడిలైడ్_వాసి

డీజిల్ క్యాన్లు ఒక్కటి కూడా అక్కర్లేదండి.

జీఎక్స్‌ఎల్‌లో సబ్ ట్యాంక్‌తో కలిపి 150 లీటర్లు. ఆ సైజు క్యాంపర్‌ని 90, 95లో లాగితే వందకి 14 నుంచి 16 లీటర్లు తాగుతుంది. ఎదురుగాలి ఉంటే 18 దాకా పోతుంది, ఆ మైదానాల్లో గాలి తక్కువేం ఉండదు. చెత్త రోజున కూడా 800 కిలోమీటర్లు వస్తాయి. స్టువర్ట్ హైవే మీద బంకుల మధ్య దూరాలు చూడండి: పోర్ట్ అగస్టా నుంచి పింబా 175 కి.మీ., పింబా నుంచి గ్లెన్‌డాంబో 113, అక్కడి నుంచి కూబర్ పీడీ 254. తర్వాత మార్లా 234, కల్గెరా 180, ఎర్ల్‌డండా 75. ఎర్ల్‌డండా దగ్గర ఎడమకి తిరిగితే యులారా 245. గ్లెన్‌డాంబో బంకు మూసి ఉందనుకున్నా పింబాలో నింపితే కూబర్ పీడీకి 367 కిలోమీటర్లే. లోపలికి పోయేకొద్దీ లీటరు రేటు పెరుగుతుంది కాబట్టి పోర్ట్ అగస్టాలోనూ కూబర్ పీడీలోనూ నిండా పోయించుకోండి.

మొత్తం ట్రిప్ 5,200 కి.మీ. పైమాటే, 800 లీటర్ల లెక్క వేసుకోండి.

16 రోజుల లెక్క ఇలా కుదురుతుంది. మొదటి రాత్రి మర్రే బ్రిడ్జి చుట్టుపక్కల, రెండో రాత్రి పోర్ట్ అగస్టా. మూడో రోజు కూబర్ పీడీకి 540 కి.మీ., అక్కడ రెండు రాత్రులు ఉండాలి, భూమి కింద ఇళ్లూ ఓపల్ గనులూ పిల్లలకి బాగుంటాయి. అయిదో రోజు ఎర్ల్‌డండా, ఆ మర్నాడు యులారా. యులారాలో మూడు రాత్రులు, కింగ్స్ కాన్యన్‌లో రెండు. ఉలురు కటా జుటా పార్కు లోపల క్యాంపింగ్ లేదు, దిగాల్సింది యులారా క్యాంప్‌గ్రౌండ్‌లోనే. స్కూల్ సెలవులకి కరెంటు ఉన్న సైట్లు నెలల ముందే అయిపోతాయి, ఈ ట్రిప్‌లో మొదట బుక్ చేయాల్సింది అదే. పార్కు పాస్ పెద్దవాళ్లకి కావాలి, 18 లోపు పిల్లలకి ఉచితం. ఉలురు రాయి ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి బంద్. చుట్టూ నడిచే దారి 10.6 కి.మీ., 7 ఏళ్ల పాపకి సగం చాలు. కింగ్స్ కాన్యన్ రిమ్ వాక్ 6 కి.మీ., మొదట్లోనే నిటారు మెట్లు, పొద్దున్నే మొదలెట్టండి.

కాన్యన్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కి మెరీనీ లూప్ అని ఇంకో దారి కనబడుతుంది మ్యాపులో. మట్టి రోడ్డు, పర్మిట్ కావాలి, కోరుగేషన్లు (రోడ్డు మీద అలల్లాంటి గతుకులు) దారుణం. సింగిల్ యాక్సిల్ సెకండ్ హ్యాండ్ క్యాంపర్‌తో వద్దు.

డ్రైవింగ్ చీకటి పడకముందే ఆపేయండి. చలికాలంలో సాయంత్రం ఆరుకల్లా చీకటే, నాలుగున్నరకల్లా సైట్లో ఉండేట్టు చూసుకోండి. కంగారూలు సంజవేళా తెల్లవారుజామునా రోడ్డు పక్కకి వస్తాయి. పగలు చచ్చిన కంగారూల మీద గద్దలు వాలి ఉంటాయి, అవి బరువుగా లేస్తాయి, దూరం నుంచే స్పీడు తగ్గించాలి. ఏదైనా అడ్డం వస్తే స్టీరింగ్ తిప్పకుండా తిన్నగా బ్రేక్ వేయండి. ట్రెయిలర్ ఉండగా పక్కకి కోస్తే బండే తిరగబడుతుంది.

రోడ్ ట్రెయిన్లు 53.5 మీటర్ల దాకా ఉంటాయి. దాటాలంటే ముందు కిలోమీటరున్నర ఖాళీగా కనబడాలి, లేకపోతే వెనకే ఉండండి. యూహెచ్ఎఫ్ రేడియో పెట్టుకుని చానల్ 40లో అడిగితే ముందు ఖాళీ ఉందో లేదో డ్రైవరే చెప్తాడు. క్యారవాన్ల వాళ్లు వాడేది 18.

కారప్పొడి

వంట సంగతి నేను చెప్తాను. ముందుగా ఒక హెచ్చరిక: మెల్‌బోర్న్‌లో పండ్లూ పచ్చిమిర్చీ టమాటాలూ కొని పెట్టుకోకండి. ఫ్రూట్ ఫ్లై వల్ల విక్టోరియా నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోకి అవి తేకూడదు, పచ్చిమిర్చి కూడా ఆ లిస్టులోదే. బోర్డర్ దగ్గర బిన్నుల్లో వేసేయాలి, చెకింగులో దొరికితే జరిమానా. నార్తర్న్ టెరిటరీ నుంచి తిరిగి వచ్చేటప్పుడూ ఇదే రూలు. అడిలైడ్‌లో ఇండియన్ షాపుల్లో తాజాగా కొనుక్కుని రసీదు దాచుకోండి. పోర్ట్ అగస్టా దాటాక పెద్ద సూపర్‌మార్కెట్లు లేవు. కూబర్ పీడీలో, యులారాలో ఒక్కోటి ఉంది గానీ ధరలు వేరే లోకం.

మిక్సీ మర్చిపోండి. ఇంట్లోనే చింతపండు పులిహోర పేస్టు, అల్లంవెల్లుల్లి ముద్ద, కందిపొడి, కరివేపాకు కారం, చారుపొడి చేసుకోండి. నలుగురికి 16 రోజులకి పులిహోర పేస్టు అరకేజీ, కందిపొడి అరకేజీ సరిపోతాయి. బొంబాయి రవ్వ నెయ్యి చుక్కలో వేయించి పోపు కూడా కలిపి సీలు చేసుకుంటే పొద్దున నీళ్లు మరగబెట్టడమే పని. రెండు రకాల కూరలు, పప్పు వండి వ్యాక్యూమ్ సీలు వేసి పలచగా పరిచి గడ్డకట్టించండి. మొదటి నాలుగు రోజులు అవే ఫ్రిజ్‌లో ఐసు పని చేస్తాయి.

రైస్ కుక్కర్ బదులు 3 లీటర్ల ప్రెషర్ కుక్కర్. అన్నం పది నిమిషాల్లో అవుతుంది, కందిపప్పు అరగంట నానబెడితే గ్యాస్ సగం చాలు. విడి గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ తీసుకెళ్లండి, ఆ దార్లో దొరకవు. గ్యాస్ 4 కేజీల సిలిండర్ ఒకటి నలుగురికి రెండు వారాలు హాయిగా వస్తుంది, రెండోది ఇంట్లో వదిలేయొచ్చు. సిలిండర్ మెడ మీద టెస్ట్ తేదీ ముద్ర చూడండి, పదేళ్లు దాటితే ఎక్కడా నింపరు. పొయ్యి చుట్టూ గాలికి అడ్డు రేకు లేకపోతే మంటంతా పక్కకే పోతుంది.

ఆవకాయ గాజు సీసాలో పెట్టకండి. కుదుపులకి మూత దానంతటదే తిరిగి వదులవుతుంది, నూనె కారిందంటే క్యాంపర్ డ్రాయర్ పట్టాల్లోకి దిగి ఎర్ర దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత చుట్టూ టేపు వేసి, జిప్ కవర్లో నిలబెట్టండి. ఇడ్లీ పిండి కూడా వద్దు. రాత్రి 5 డిగ్రీల చలికి పులవదు, పగలు కారు వేడికి ఒక్కసారే పొంగి మూత తన్నేస్తుంది.

తాగే నీళ్లు మనిషికి రోజుకి 5 లీటర్లు. ట్యాంకులోని 90 లీటర్ల మీద మాత్రమే ఆధారపడకుండా 20 లీటర్ల క్యాన్ ఒకటి విడిగా కార్లో ఉండాలి. రాయి తగిలి ట్యాంకు పైపు తెగితే మొత్తం రోడ్డు పాలే.

పన్నెండు_వోల్టులు

కారప్పొడి అక్క మిక్సీ వద్దన్నది ఎందుకో లెక్క చెప్తాను. 750 వాట్ల మిక్సీకి 12 వోల్టుల దగ్గర 62 యాంప్‌లు, ఇన్వర్టర్ నష్టం కలిపితే 70. స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ గుంజుతుంది. రెండు నిమిషాల పచ్చడికి ఖర్చయ్యేది రెండున్నర యాంప్ అవర్లే, కెపాసిటీ సమస్య కాదు. కానీ ఏజీఎం అంత కరెంటు ఒక్కసారి ఇచ్చేటప్పుడు వోల్టేజి పడిపోతుంది, ఇన్వర్టర్ కీచుమని ఆగిపోతుంది.

ఆ బ్యాటరీలో 100 ఉన్నా వాడుకోదగ్గది 50. ఆ చలిలో 60 లీటర్ల ఫ్రిజ్ రోజుకి 25 నుంచి 30 తింటుంది. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు ఇంకో 10. అంటే కరెంటు లేని చోట ఒక రాత్రి ధైర్యంగా ఉండొచ్చు, బండి కదపకుండా రెండో రాత్రంటే 120 వాట్ల సోలార్ దుప్పటి కావాలి.

అసలు చూడాల్సింది క్యాంపర్‌లో డీసీ డీసీ చార్జర్ (కారు కరెంటు వోల్టేజి పెంచి బ్యాటరీ నింపేది) ఉందా లేదా అన్నది. ఈ ప్రాడోల ఆల్టర్నేటర్ ఇంజిన్ వేడెక్కాక వోల్టేజి తగ్గించేస్తుంది, 13.2, 13.4 దగ్గర ఆడుతుంది. ఏజీఎంకి 14.4 అందాలి. ఆండర్సన్ ప్లగ్ (కారు నుంచి క్యాంపర్‌కి కరెంటు ఇచ్చేది) నుంచి సూటిగా బ్యాటరీకి కలిపి ఉంటే ఆరు గంటలు నడిపినా బ్యాటరీ నిండదు, ఫ్రిజ్ అర్ధరాత్రి ఎర్ర లైటు వెలిగిస్తుంది, జనం ఫ్రిజ్‌ని తిడతారు. 25 యాంప్‌ల చార్జర్ క్యాంపర్‌లో బ్యాటరీ పక్కనే పెట్టించండి, కారు బోనెట్ కింద కాదు. కారు నుంచి వచ్చే కేబుల్ 6 బీ అండ్ ఎస్, అంటే 13.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. షాపులో ‘6 ఎంఎం ఆటో కేబుల్’ అని ఇస్తారు, అది తీసుకోకండి. అక్కడ 6 అనేది ప్లాస్టిక్ తొడుగుతో కలిపిన మందం, లోపల రాగి 4.6 మాత్రమే. రెండు బ్యాటరీల దగ్గరా చెరో 50 యాంప్‌ల బ్రేకర్ ఉండాలి.

పొడిరోడ్డు

ఊడ్నడట్టా గురించి ఎవరూ ముట్టుకోలేదు. మార్లా నుంచి మారీ దాకా 620 కి.మీ. మట్టి రోడ్డు. బంకులున్నాయి: మార్లా నుంచి ఊడ్నడట్టా 212, విలియం క్రీక్ ఇంకో 203, మారీ ఇంకో 204. పొడిగా ఉంటే ప్రాడోకి కష్టమే కాదు. వాన పడిందా, ఆ బంకమన్ను సబ్బులా అయిపోతుంది, రోడ్డు మూసేస్తారు, మూసిన రోడ్డు మీద తిరిగితే జరిమానా గట్టిగానే ఉంటుంది. అడిలైడ్_వాసి వేసిన ప్లాన్‌లో ఒక్క రోజు కూడా మిగల్లేదు. వానకి రెండు రోజులు ఆగాల్సి వస్తే పిల్లల స్కూలు, మీ ఆఫీసు రెండూ పోయినట్టే.

నా సలహా, మొత్తం చేయొద్దు, కింది సగం చేయండి. తిరుగు ప్రయాణంలో కూబర్ పీడీ దాకా తారు రోడ్డు మీదే రండి. అక్కడి నుంచి విలియం క్రీక్‌కి మట్టి రోడ్డు 166 కి.మీ. ఆ పొద్దున సౌత్ ఆస్ట్రేలియా ప్రభుత్వ అవుట్‌బ్యాక్ రోడ్ రిపోర్టు చూడండి. తెరిచి ఉండి, వాన సూచన లేకపోతే వెళ్లండి, లేదంటే స్టువర్ట్ హైవే మీద తిన్నగా పోర్ట్ అగస్టా. చూడాల్సినవి ఎలాగూ విలియం క్రీక్ కిందే ఉన్నాయి: కౌవర్డ్ స్ప్రింగ్స్‌లో రైలు పట్టాల చెక్కలతో కట్టిన గోరువెచ్చని నీళ్ల తొట్టి, పక్కనే బురదలోంచి బుడగలొచ్చే మౌండ్ స్ప్రింగ్స్, కర్డిముర్కాలో పాత ఘాన్ రైల్వే స్టేషను, లేక్ ఎయిర్ సౌత్. ఆ పాత రైలు కట్ట మీదికి మాత్రం బండి ఎక్కించకండి, మట్టిలో పట్టాల మేకులు ఇంకా ఉన్నాయి, టైరు సైడ్‌వాల్‌ని చీలుస్తాయి.

టైర్ల గాలి. తారు మీద, చల్లగా ఉన్నప్పుడు ప్రాడో ముందు 36, వెనక 40, క్యాంపర్ 38 పీఎస్‌ఐతో మొదలెట్టండి. గంట నడిపాక మళ్లీ కొలవండి. 4 పీఎస్‌ఐ పెరిగితే సరిగ్గా ఉన్నట్టు. 6, 7 పెరిగిందంటే గాలి తక్కువై టైరు ఎక్కువ నలుగుతోంది, ఇంకాస్త నింపాలి. రెండే పెరిగిందంటే ఎక్కువ కొట్టారు. మట్టి రోడ్డు మొదలవగానే ప్రాడోలో 28, 30, క్యాంపర్‌లో 26, 28కి దించి స్పీడు 80 లోపు. చాలామంది కారు టైర్లు దించి క్యాంపర్‌ని వదిలేస్తారు. సస్పెన్షన్ బోల్టులు ఊడేది, డ్రాయర్లు విరిగేది అందుకే. బ్రేక్ కంట్రోలర్ గెయిన్ (ట్రెయిలర్ బ్రేకుల బలం) కూడా ఒక మెట్టు తగ్గించండి, లేకపోతే కంకర మీద క్యాంపర్ చక్రాలు పట్టేసి జారతాయి. మళ్లీ తారెక్కేటప్పుడు రెండూ పెంచాలి, దానికి నిమిషానికి 70 లీటర్లు పైన ఇచ్చే కంప్రెసర్ ఉండాలి. పంక్చర్ ప్లగ్గులు ఒక డజను.

వెనక అద్దం పగలడం మట్టి రోడ్ల మీద మామూలే, దానికి ఎదుటి లారీ కారణం కాదు. మీ వెనక చక్రాలు లేపిన రాయి క్యాంపర్ ముందు రేకుకి తగిలి తిరిగొచ్చి మీ వెనక అద్దాన్నే కొడుతుంది. డ్రాబార్ మీద వాలుగా కట్టే మెష్ స్టోన్‌గార్డు ఉంటే రాయి కిందికి పడిపోతుంది. అది లేకపోతే కనీసం అద్దానికి బయట అట్ట, దాని మీద పాత యోగా మ్యాట్ టేపుతో అంటించండి.

దుమ్ము. క్యాంపర్ కిటికీలన్నీ మూసి, ముందుకి తెరుచుకునే డస్ట్ హ్యాచ్ ఉంటే అది మాత్రం తెరవండి. లోపల గాలి ఒత్తిడి పెరిగి సందుల్లోంచి దుమ్ము రాదు. వెనక తలుపు కింద సందు ఉందేమో రాత్రి లోపల టార్చి పెట్టి బయట నుంచి చూస్తే తెలిసిపోతుంది. ప్రతి 100 కి.మీ.కీ ఆగి యూ బోల్టులు, షాకిల్స్, చక్రం నట్లు, గ్యాస్ క్లాంపులు చేత్తో చూడండి. షాక్ అబ్జార్బర్లు పట్టుకోలేనంత వేడిగా ఉంటే టీ పెట్టుకుని అరగంట ఆగండి.

ఎక్కడైనా దిగబడితే లాగడానికి టోబాల్‌కి తాడు కట్టకండి, ఎవర్నీ కట్టనివ్వకండి. అది విరిగి గుండులా వస్తుంది, మనుషులు పోయారు. రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్‌కే. ఫోన్ సిగ్నల్ ఊళ్లు దాటితే ఉండదు, ఏ కంపెనీదైనా సరే. పీఎల్‌బీ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం పిలిచే చిన్న పరికరం) ఒకటి కొనండి లేదా అద్దెకి తీసుకోండి, అది గ్లవ్ బాక్సులో కాదు, నడిపేవాళ్ల జేబులో ఉండాలి.

టార్నీట్_నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. ఇరుసు గారు చెప్పినట్టు కాటా వేయించాను. తగిలించి ప్రాడో ఒక్కటే 3,040. ట్రెయిలర్ చక్రాలు 1,720. విప్పాక ట్రెయిలర్ 1,960. జెర్రీ క్యాన్లు రెండూ డీజిల్‌తో నిండుగా ఉన్నాయి, డ్రాబార్ మీదే. అంటే టోబాల్ మీద 240 కదా? ప్రాడోకి 300 దాకా ఓకే అని ఉంది. 50 కేజీలు ఎక్కువంటే పర్లేదా?

ఇరుసు

లేదండి. జీవీఎం దాటితే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లకి అదొక్కటే చాలు. బాల్ పరిమితి 300 అయినా, ఆ 240 వెనక చక్రాలకి మీటరు పైన వెనక మోపుతోంది. మీట మీద తొక్కినట్టే కాబట్టి వెనక ఇరుసు మీద పడేది 240 కన్నా ఎక్కువ, ముందు ఇరుసు ఆ మేరకు లేస్తుంది.

సరిచేయడం సులువే. డీజిల్ క్యాన్లు రెండూ ఇంట్లో పెట్టేయండి, అడిలైడ్_వాసి అక్కర్లేదని ముందే చెప్పారు. ట్రెయిలర్ 42 తగ్గి 1,918 అవుతుంది. క్యాన్లు ఇరుసుకీ కప్లింగ్‌కీ దాదాపు మధ్యలో ఉంటాయి కాబట్టి బాల్ మీద సగం పైన, 23 దాకా తగ్గుతుంది: 217. ప్రాడో 3,017కి వస్తుంది. ఇప్పుడు కారు డిక్కీలో ఉన్న బరువు సామాను, అంటే టూల్ కిట్టు, రికవరీ తాళ్లు, హై లిఫ్ట్ జాక్ ఉంటే అది, ఒక 35 కేజీలు తీసి క్యాంపర్‌లో సరిగ్గా ఇరుసు పైన వచ్చే అరలో పెట్టండి. ఇరుసు మీద పెట్టినది బాల్ బరువుని మార్చదు. ప్రాడో 2,982, ట్రెయిలర్ 1,953. రెండూ లోపలికి వచ్చాయి. రెండో గ్యాస్ సిలిండర్ కూడా తీసేస్తే ఇంకో 9.

బాల్ బరువు తగ్గించాలని సామాను వెనక బంపర్ వైపు తోయకండి. అంకె బాగానే వస్తుంది, కానీ రెండు చివర్లా బరువుంటే ట్రెయిలర్ ఊగడం మొదలెడితే ఆగదు. మార్చాక మళ్లీ కాటా.

టార్నీట్_నాన్న

చేస్తాను అన్నా. ఊడ్నడట్టా కూడా పొడిరోడ్డు గారు చెప్పినట్టు కింది సగమే. ఇంకొక్కటి: క్యాంపర్ చక్రాలూ ప్రాడోవీ రెండూ 6 స్టడ్లే. స్పేర్ రెండు మోసుకెళ్లకుండా ఒకటే సరిపోతుందా?

ఇరుసు

స్టడ్ల దూరం 139.7 అని రెండింటికీ సరిపోవచ్చు, కానీ దాన్ని బట్టి నిర్ణయించకండి. ప్రాడో హబ్బు మధ్య భాగం 106 మిల్లీమీటర్లు, క్యాంపర్ రిమ్ముకి మధ్య రంధ్రం అంతకన్నా చిన్నదైతే ఎక్కదు. ఎక్కినా ఆఫ్‌సెట్ (రిమ్ము లోపలికో బయటికో జరిగి కూర్చునే దూరం) తేడా ఉంటే బ్రేక్ క్యాలిపర్‌కి రాసుకుంటుంది. ఇంటి ముందే ఒక శనివారం క్యాంపర్ స్పేర్ తీసి ప్రాడో ముందు చక్రం చోట బిగించి, చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడండి. ప్రాడోది క్యాంపర్‌కి కూడా అలాగే. నట్లు కూడా చూడాలి: అల్లాయ్ రిమ్ముకీ స్టీలు రిమ్ముకీ నట్టు ఆకారం వేరు, ప్రాడో నట్లు స్టీలు రిమ్ముకి కూర్చోకపోతే ఒక సెట్టు విడిగా తీసుకెళ్లాలి. రెండు వైపులా పట్టినా కూడా స్పేర్లు రెండూ ఉంచండి. విలియం క్రీక్‌లో మీ సైజు టైరు ఉంటుందని గ్యారంటీ లేదు.